సులభ వాయిదాల్లో ఒక ఊరి చరిత్ర, భూగోళం

మా ఊరికి చరిత్ర ఇంతవరకు ఎవరూ రాయలేదు. రాయాల్సిన సమయం ఇప్పుడొచ్చింది, ఎందుకంటే ఊరు దాదాపు అయిపోయింది. ఎక్కడైనా చరిత్ర అనేది అంతా అయిపోయాకే కదా రాస్తారు. పైగా పాత సంగతులు తెలిసినవాళ్లు మా దగ్గర ఇద్దరు ముగ్గురే మిగిలారు. వాళ్లలో ఒకాయనకు మధ్యాహ్నం కునుకు పడకపోతే సొంత కొడుకుల పేర్లే గుర్తుండవు.

ఊరి పేరు చెప్పను. చెబితే అంకణం (మా వైపు ఇళ్ల స్థలాలు కొలిచే లెక్క) ధర ఇంకాస్త పెరుగుతుంది, ఆ పాపం నాకెందుకు. నెల్లూరుకు దక్షిణంగా, సర్వేపల్లి కాలువ ఆయకట్టులో, పేరు చివర 'పాళెం' అనో 'పాడు' అనో వచ్చే ఊరు అనుకోండి. ఆ వైపు అలా ముగియని ఊరిని వెతకడమే కష్టం కాబట్టి గుట్టు బయటపడే భయం లేదు.

ముందుగా ఉనికి. పూర్వం మా ఊరు ఎక్కడుందని అడిగితే కాలువ దాటాలి, డొంక పట్టుకోవాలి, చెరువు కట్ట ఎక్కి దిగాలి అని చెప్పేవాళ్లు. విన్నవాడికి సగం అర్థమయ్యేది, మిగతా సగం దారిలో గేదెలు తోలుకుపోయేవాణ్ని అడిగి తెలుసుకునేవాడు. ఇప్పుడా ఇబ్బంది లేదు. రంగుల బ్రోచర్‌లో మా ఊరి ఉనికి శాస్త్రీయంగా నిర్ధారణ అయింది: అయ్యప్పగుడికి 8 నిమిషాలు, మినీ బైపాస్‌కు 10, వేదాయపాళెం స్టేషన్‌కు 12, కృష్ణపట్నం పోర్టుకు 25, చెన్నైకి 'జస్ట్' రెండున్నర గంటలు. స్థలాన్నీ కాలాన్నీ ఒకటి చేయడంలో ఐన్‌స్టీన్ మొదలుపెట్టి వదిలేసిన పనిని మా ఏజెంట్లు పూర్తి చేశారు. మా ఊరికి అక్షాంశ రేఖాంశాలు లేవు, నిమిషాలే.

ఒక ఆదివారం సైటు చూపించడానికి కొనేవాళ్లను వ్యానులో తెచ్చినప్పుడు, బిరియాని పొట్లాలు పంచుతున్న టెంటు దగ్గర మా పెదనాన్న నిలబడి ఈ నిమిషాల లెక్కంతా విన్నాడు. విని, ఏజెంటు కుర్రాణ్ని, "ఎవురు తోలితే నాయనా?" అని అడిగాడు. ఆ అబ్బాయి ఏమాత్రం తడబడలేదు. "తెల్లారి నాలుగింటికి ట్రాఫిక్ ఉండదు పెద్దాయనా" అన్నాడు. ఆ మాట నిజమే. నాలుగింటికి అయ్యప్పగుడి దగ్గర ఎవరికి ఏం పని ఉంటుందనేది వేరే శాస్త్రానికి సంబంధించిన విషయం.

ఆ ఎనిమిది నిమిషాల్లో రైల్వే గేటు లేదు. ఊరికీ హైవేకీ మధ్య విజయవాడ-చెన్నై లైను ఉంది, గేటూ ఉంది. బ్రోచర్ మ్యాపులో మాత్రం పట్టాలను సన్నటి చుక్కల గీతగా మార్చి, గేటును తీసేశారు. రైళ్లకు ఆ సంగతి ఇంకా తెలియక రోజూ వస్తూనే ఉన్నాయి. గూడ్సు బండి వచ్చిందంటే గేటు దగ్గర స్కూలు వ్యాన్లు, బైకులు, షేర్ ఆటోలు కాలువ దాకా బారులు తీరతాయి. ఆ సమయాన్ని నిమిషాల్లో కలపాలా వద్దా అన్నదాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు.

దిక్కుల విషయానికొస్తే, మా ఊరికి దక్షిణం లేదు. ఒకప్పుడు ఉండేది. వానాకాలం ముందు గాలి అటునుంచే వీచేదని ముసలివాళ్లు సాక్ష్యం చెబుతారు. కానీ లేఅవుట్లు వచ్చాక తూర్పు ఫేసింగ్, ఉత్తరం ఫేసింగ్, సర్దుకుంటే పడమర ఫేసింగ్ మాత్రమే మిగిలాయి. దక్షిణం ఫేసింగ్ ప్లాట్లు 'కార్నర్ బిట్లు'గా, 'ఎన్నారై ఆఫర్'లుగా పేరు మార్చుకుని బతుకుతున్నాయి.

శీతోష్ణస్థితి: మా జిల్లాకు వానలు ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం అనే మాట వినగానే మా వాళ్లు ముందు వడ్ల బస్తాలు లోపలేసుకుంటారు, తర్వాతే భయపడతారు. ఈ సంగతి వ్యాపారులకు బాగా తెలుసు. అందుకే మా దగ్గర స్థలాలు ఏప్రిల్, మే నెలల్లో అమ్ముడుపోతాయి. ఆ ఎండలో నేల బీటలు వారి, రాయిలా గట్టిగా, ఎంత పల్లపు నేలైనా మిద్దెలకే పుట్టినట్టు కనపడుతుంది. నవంబరులో మా ఊరికి సైటు విజిట్ వ్యాను వచ్చిన దాఖలా చరిత్రలో లేదు.

చరిత్రలోకి వద్దాం. 1905లో బటర్‌వర్త్ అనే దొర, వేణుగోపాల చెట్టి గారు కలిసి నెల్లూరు జిల్లాలోని రాతి, రాగి శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. ఏ రాజు ఏ ఊళ్లో ఏ గుడికి ఎంత భూమి ఇచ్చాడో అందులో ఉంటుంది. మా ఊరి ప్రస్తావన లేదు. రాజులెవరూ మమ్మల్ని పట్టించుకోలేదన్నమాట. తిక్కన గారు మనుమసిద్ధి కొలువుకు పోతూ మా చెరువు గట్టున నీళ్లు తాగారని మా బడి పంతులు ఒకాయన చెప్పేవాడు గానీ, ఆయన ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊళ్లో తిక్కన గారికి దాహం వేసేదని తర్వాత తెలిసింది.

ఆ లోటు ఇప్పుడు తీరింది. శాసనాల సంఖ్యలో మా ఊరు ఇవాళ జిల్లాలో ఎవరికీ తీసిపోదు. ప్రతి ప్రహరీ గోడా శాసనమే. "ఈ స్థలము కోర్టు వివాదములో ఉన్నది, కొన్నవారు నష్టపోదురు." దాని పక్కనే, వేరే రంగులో, "ఈ స్థలము అమ్మబడును." కింద ఒక ఫోను నంబరు, దాని మీద సున్నం. పాత శాసనాల చివర శాపం ఉండేది. తానిచ్చిన భూమినైనా, ఒకరిచ్చిన భూమినైనా కాజేసినవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని. అంత కఠినంగా ఎందుకు రాశారో అప్పట్లో నాకు అర్థమయ్యేది కాదు. మా ఊరి ఈసీలు, అంటే ఏ స్థలం ఎవరి నుంచి ఎవరికి పోయిందో చెప్పే రిజిస్ట్రారు ఆఫీసు కాగితాలు, నాలుగు చూశాక, అరవై వేల ఏళ్లు తక్కువేమో అనిపించింది. ఒకే ప్లాటు ముగ్గురికి రిజిస్టర్ అయిన చోట ఎవరు ఎవరికి పురుగో తేల్చడానికే ఇంకో అరవై వేల ఏళ్లు కావాలి.

యుగవిభజన మా ఊళ్లో కొంచెం తలకిందులుగా జరిగింది. అందరికీ ముందు రాతియుగం, తర్వాత వ్యవసాయం. మాకు ముందు వ్యవసాయం, ఆ తర్వాత రాతియుగం. పెన్న మీద నెల్లూరు దగ్గర ఆనకట్ట 1850ల్లో కట్టారు. అక్కణ్నించి సర్వేపల్లి కాలువ మా వైపు నీళ్లు తెచ్చింది. మొలగొలుకులు పండాయి, తర్వాత మసూర్లు పండాయి, నీళ్లున్న ఏడు ఎడగారూ, అంటే రెండో పంటా, పండింది. వడ్లు పుట్లలో కొలిచేవాళ్లం. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, వేరే జిల్లా వ్యాపారి వచ్చి తన పుట్టి లెక్క చెబితే మా వాళ్లు జాలిగా చూసేవాళ్లు. ఇదంతా వ్యవసాయ యుగం.

రాతియుగం నిన్న మొన్న మొదలైంది. ఒక రోజు పొద్దున్నే చూస్తే కయ్యల నిండా తెల్ల సున్నం పూసిన సర్వే రాళ్లు. గెనిమలు (పొలం గట్లు) పోయాయి, ఎర్రమట్టి రోడ్లు పడ్డాయి, ఒక కమాను లేచింది. కమాను మీద పేరు ఆంగ్లంలో ఉంది, మా ఊళ్లో చదవగలిగినవాళ్లకు అర్థం కాలేదు, అర్థమయ్యేవాళ్లు అప్పటికే బెంగళూరులో ఉన్నారు. ఎకరాల్లో ఉన్న ఊరు సెంట్లలోకి, సెంట్ల నుంచి అంకణాల్లోకి దిగింది. నేల కొలత ఎంత చిన్నదైతే ధర అంత పెద్దదవుతుందని ఆర్థికశాస్త్రంలో మేం కనిపెట్టిన సూత్రం. చదరపు అంగుళాల్లో అమ్మడం మొదలైతే మా ఊరిని కొనడానికి అంబానీ కూడా లోను పెట్టుకోవాలి.

ఇక్కడ నిజం చెప్పాలి. మమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేదు. ఎరువు బస్తా, కూలి, మిషను బాడుగ, మిల్లుకు తోలితే తేమ శాతం పేరుతో కోత, అన్నీ పోగా ఎకరం మీద ఏడాదికి మిగిలేది చూసుకుని, ఒక్క సెంటు అమ్మితే వచ్చేది చూసుకుంటే నాగలికి దండం పెట్టనివాడెవడు? కూతురి పెళ్లి, కొడుకు ఇంజనీరింగు సీటు, మోకాలి ఆపరేషను, అన్నీ నేలలోంచే మొలిచాయి. ఆ మేరకు మా నేల చివరిదాకా పంట పండిందనే చెప్పాలి. నోరెత్తనిది కౌలుదార్లూ, నాట్లు వేసే ఆడవాళ్లూ. వాళ్ల పేరు ఏ కాగితం మీదా లేదు కాబట్టి వాళ్లకు అమ్మడానికి ఏమీ లేదు, ఇబ్బందీ లేదు. అయినా ఊరు వాళ్లను గాలికి వదిలేయలేదు. ఏ కయ్యలో వంగి నాట్లు వేశారో అదే కయ్యలో, అదే వంగుడుతో, ఇప్పుడు అంట్లు తోముతున్నారు. మగవాళ్లు కమాను కింద కుర్చీలో వాచ్‌మెన్లు. వలస పోకుండా ఉన్న ఊళ్లోనే ఉపాధి అంటే ఇదే. దీని మీద ఎవరైనా పరిశోధన చేసుకుంటే మేం సహకరిస్తాం.

పెన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాత ఆనకట్టలు శిథిలమయ్యాయనీ, కొత్తవి కావాలనీ రైతులు ఎన్నో ఏళ్లు అడిగారు. పనులు ఆగుతూ సాగుతూ, చివరికి 2022 సెప్టెంబరులో నెల్లూరు, సంగం బ్యారేజీలు రెండూ ప్రారంభమయ్యాయి. ఆయకట్టుకు ఇక ఢోకా లేదన్నారు. నిజంగానే లేదు. ఇప్పుడు నీళ్లు సమృద్ధిగా వచ్చి, ఒకప్పటి మా మాగాణిలో చిల్డ్రన్స్ పార్కు అని బోర్డు పెట్టిన చోటికి చేరుతున్నాయి. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలాలి కదా, ఆ పది శాతం అన్నమాట. మొదటి బ్రోచర్‌లో అది పార్కు. రెండో బ్రోచర్‌లో క్లబ్ హౌస్. మూడో దాంట్లో 114-ఏ నుంచి 114-ఎఫ్ వరకు ప్లాట్లు.

ఇవాళ మా ఊరి ప్రధాన పంట నిద్ర. సాయంత్రం ఏడు తర్వాత సాగు మొదలై తెల్లారి ఆరింటికి కోతకొస్తుంది. ఆదివారం మధ్యాహ్నం ఎడగారు కూడా తీస్తారు. ఏడున్నరకు పసుపు రంగు వ్యాన్లు పిల్లల్ని ఎత్తుకుపోతాయి, ఎనిమిదిన్నరకు పెద్దవాళ్లు బైకుల మీద పోతారు: ఆస్పత్రుల్లో ల్యాబులకు, స్టోన్‌హౌస్‌పేట కొట్లకు, ట్రంకు రోడ్డు షోరూములకు, కొందరు పోర్టు వైపు కంపెనీ బస్సుల్లో. తొమ్మిదిన్నరకు ఊళ్లో మిగిలేది ముసలమ్మలు, కుక్కలు, పార్సిళ్లు తెచ్చే కుర్రాళ్లు. ఎవరింట్లోనూ ఎవరూ లేకపోతే పార్సిళ్లన్నీ మా పెద్దమ్మ దగ్గర పెట్టిపోతారు. ఆవిడ వాటిని తూకాన్ని బట్టి పట్టేస్తుంది: "ఇది చెప్పులు. ఇది మిక్సీ. ఇది తిరిగిపోయేది."

పూర్వం పట్నమే మా దగ్గరికొచ్చేది. బియ్యానికి, పాలకు, పండక్కి కోడిపుంజుకు. మేం పోయేది కోర్టుకు, ఆస్పత్రికి, సినిమాకు, అంటే కష్టమొచ్చినప్పుడో కలిసొచ్చినప్పుడో మాత్రమే. ఇప్పుడు బియ్యం కూడా సూపర్ మార్కెట్‌లో కొంటున్నాం. 26 కిలోల సంచి. 25 కాకుండా 26 ఏంటంటే, 2022 జూలై నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు, అందుకని వ్యాపారులు ఇంకో కిలో దూర్చారు. పుట్లు కొలిచిన చేతులతో ఆ సంచి అంచు కుట్టు విప్పుతూ, మా పెదనాన్న ఆ ఒక్క కిలోనీ చాలాసేపు మెచ్చుకున్నాడు. "తెలివంటే ఇది. మనం పండించాం గానీ, ఏం ప్రయోజనం" అన్నాడు.

పరిపాలన గురించి రెండు ముక్కలు. నెల్లూరు మునిసిపాలిటీ 1866 నాటిది, 2004లో కార్పొరేషన్ అయింది, తర్వాత చుట్టుపక్కల పంచాయతీలను ఒక్కొక్కటే కలుపుకుంది. 2008లో జిల్లాకు పొట్టి శ్రీరాములు గారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో గూడూరు వైపు ఊళ్లు తిరుపతి జిల్లాకు పోయి, ప్రకాశం నుంచి కందుకూరు మా జిల్లాకు వచ్చింది. పాపం కందుకూరు వాళ్లు 1970 దాకా మా నెల్లూరు జిల్లాలోనే ఉండి, ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు అటు పోయినవాళ్లే. కూర్చున్న చోటు నుంచి కదలకుండా జిల్లాలు తిరగడం మన వైపు అందరికీ అలవాటే. మా ఊరు అంత దూరం పోలేదు. పన్ను కట్టించుకునేటప్పుడు పట్నంలో, మురుగు కాలువ అడిగేటప్పుడు పల్లెలో ఉంటుంది, అంతే. దోమల మందు కోసం ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసుకు పొమ్మంటారు, అక్కడికి పోతే మొదటి ఆఫీసు చిరునామా రాసిస్తారు. దోమలకు మాత్రం ఈ సరిహద్దుల పట్టింపు లేదు.

సరిహద్దు అంటే గుర్తొచ్చింది. మా పోలేరమ్మ ఊరి పొలిమేరలో వేపచెట్టు కింద ఉండేది. బయటి నుంచి ఏ రోగమూ ఏ గాలీ లోపలికి రాకుండా కాపలా కాయడం ఆమె ఉద్యోగం. ఇప్పుడు ఆమెకు అటు పక్క మూడు లేఅవుట్లు, ఇటు పక్క రెండు, ఎదురుగా ఏటీఎం. కాపలా కాయాల్సిన హద్దు ఎక్కడుందో ఆమెకే అంతుబట్టడం లేదు. జాతరనాడు లేఅవుట్ సంఘంవాళ్లు డప్పులు పది గంటలకల్లా ఆపమన్నారు, పిల్లలకు పరీక్షలట. అమ్మవారు ఒప్పుకుంది. ఆ పరీక్షల హాల్ టికెట్లు కూడా ముందు ఆమె కాళ్ల దగ్గరే పెట్టారు మరి.

ఇక నీళ్లు. మా చెరువు నిండితే మిగులు నీళ్లు కలుజు (అలుగు) మీదుగా దూకి, పంట కాలువలో పడి, పల్లపు కయ్యల గుండా వాగులో కలిసేవి. ఈ దారి ఎవరూ గీసింది కాదు, నేల వాలును బట్టి నీళ్లే వెతుక్కున్నది. లేఅవుట్ వేసినప్పుడు ఆ పంట కాలువ మీద ముప్పై అడుగుల రోడ్డు వచ్చింది. కలుజు కింద మొదటి కయ్యలో ఫేజ్ వన్ వచ్చింది. పల్లం కాబట్టి మట్టి తోలారు. ఎంత తోలారంటే పక్కనున్న పాత ఊరు పల్లమైంది. దాంతో ఊళ్లోవాళ్లు సిమెంటు రోడ్డు ఎత్తు చేయించుకున్నారు. అప్పుడు లేఅవుట్‌వాళ్లు ఇంకో లారీ మట్టి. రెండు పక్షాలూ ఇలా పోటీపడి ఎదుగుతుంటే, కొన్నేళ్లలో మా ఊరు హిల్ స్టేషన్ అవుతుందని ఆశపడ్డాం.

2021 నవంబరులో వానలు విడవకుండా కొట్టాయి. పెన్నకు వచ్చిన వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, విజయవాడ వైపు హైవే మీద రాకపోకలు ఆగాయి. బ్రోచర్‌లోని నిమిషాలన్నీ ఒక్క రాత్రిలో రోజులయ్యాయి. మా చెరువు నిండింది, కలుజు దూకింది. నీళ్లు పాత దారినే వచ్చి, దారిలో రోడ్డుంటే రోడ్డు మీదుగా, గేటుంటే గేటు కిందుగా, ఫేజ్ వన్ ఇళ్లలోకి మర్యాదగా వెళ్లాయి. లేఅవుట్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఒకటే గోల, ఇంత నీరు ఎక్కడ్నించి వచ్చిందని. పెదనాన్న పంచె ఎగ్గట్టి ఆ వీధిలోకి పోయి, సోఫా మీద ఫ్రిజ్ ఎక్కిస్తున్న ఒక బ్యాంకు ఉద్యోగితో అన్నాడు: "ఎక్కడ్నించో రావడమేంది సార్, అవి ఇంటికొచ్చినాయి. మీరే చుట్టాలు." ఆ సారు కోపం తెచ్చుకోలేదు. తీరిగ్గా కూర్చుని, ఇల్లు కొనేముందు ఇరవై తొమ్మిది కాగితాలు చూపించారనీ, ఒక్కదాంట్లోనూ కలుజు అనే మాట లేదనీ చెప్పాడు. ఆయనకింకా చాలా ఏళ్ల ఈఎంఐ ఉంది. నీళ్లు దిగాక మొదటి పనిగా ఇంటి అరుగు రెండడుగులు లేపించాడు.

ఈ అనుభవాలన్నీ పరిశీలించి, పాఠశాల భూగోళంలో కొన్ని సవరణలు చేయాలని ప్రభుత్వానికి నా మనవి. దూరాన్ని నిమిషాల్లోనే బోధించాలి. దక్షిణం తీసేసి మిగతా మూడు దిక్కులకు మార్కులు ఎక్కువివ్వాలి. రుతువుల్లో బుకింగ్ రుతువు, రిజిస్ట్రేషన్ రుతువు చేర్చాలి. చెరువు అంటే ఏమిటి అనే ప్రశ్నకు 'లేక్ వ్యూ' అని రాసిన పిల్లవాడికి పూర్తి మార్కులు వేయాలి.

మా వాళ్లు దిగులుగా ఉన్నారనుకోకండి. పోయిన నెల మా ఊరికి పెద్ద గౌరవం దక్కింది. మాకు అవతల, ఇంకా వరి పండుతున్న ఒక పల్లెలో కొత్త వెంచర్ వేశారు. దాని బ్రోచర్ మ్యాపు నట్టనడుమ ఎర్రచుక్క పెట్టి మా ఊరి పేరు రాశారు, అక్కణ్నించి వెంచర్‌కు కేవలం 6 నిమిషాలని. కొన్ని వందల ఏళ్లలో ఒక మ్యాపు మమ్మల్ని కేంద్రంగా పెట్టుకోవడం ఇదే మొదలు. టీ కొట్టులో ఆ కాగితం చేతులు మారీ మారీ నలిగిపోయింది. మా పెదనాన్న కూడా మిగిలిన డబ్బుతో ఒక బిట్టు తీసుకుందామని సైటు చూడ్డానికి పోయాడు. బిరియాని తిన్నాడు, కాగితాలు చూశాడు, చెప్పులు విడిచి నేల మీద నాలుగడుగులు నడిచాడు. చివరికి ఏజెంటును పక్కకు పిలిచి అడిగాడు.

"అన్నీ బాగుండాయి నాయనా. కలుజు ఎటుపక్క?"

కుర్రాడు ఫైలు తిరగేసి నవ్వాడు.

"కలుజా సార్? అది ఫేజ్ టూలో వస్తుంది."